చేని పదును కంప్యూటర్‌కెట్లా తెలుస్తుంది?

ప్రశ్న: తొలకరి పడినా వేరుశనగ విత్తొద్దని ఫోన్‌కు మెసేజ్ వస్తే నమ్మొచ్చా?
– ఒక రైతు, మంత్రాలయం

జవాబు: నమ్మొచ్చు, గుడ్డిగా మాత్రం వద్దు. 2016లో మీ కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలోనే పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది రైతులకు తెలుగులో ఇలాంటి మెసేజ్‌లు పంపాయి. దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని వాళ్ల లెక్క.

ఇలాంటి మెసేజ్ వెనక మూడు భాగాలున్నాయి. 30 ఏళ్ల వాతావరణ లెక్కలు డేటా. ఏ వారం విత్తితే పదును నిలుస్తుందో వాటిలోంచి పట్టేది మెషీన్ లెర్నింగ్. రాబోయే వానను లెక్కగట్టేవి పుణెలోని ‘అర్క’ లాంటి సూపర్ కంప్యూటర్లు.

అయితే వాన అంచనా మీ ఒక్క చేనికే వేసింది కాదు. అందుకే విత్తే ముందు నాలుగు వేళ్ల లోతు తవ్వి, మన్ను పిడికిట బిగించండి. ఉండ కడితే పదునున్నట్టే. పొడిగా రాలితే ఆగండి.