బండిలో నుంచవలసిన ఆపత్కాలపు పెట్టె

జమ్మలమడుగునుండి ప్రొద్దుటూరునకును, ముద్దనూరునకును, గండికోటకును పోవు బాటలపై రాత్రింబగళ్లు బండ్లు తిరుగుచున్నవి. వానిలో బండల లారీలును, సిమెంటు లారీలును పెక్కులు. వేసవిలో మన సీమ యెండ 40 డిగ్రీలు దాటును. ఊరికిని ఊరికిని నడుమ నీడయు నీరును దొరకని తావులు కలవు. కావున కారు గలవారు దానిలో ఆపత్కాలపు పెట్టె నొకదాని నుంచుకొనవలెను. అందేమేమి యుండవలెనో, ఏల యుండవలెనో విచారింతము.

మొదటివి గాయమునకు వలయునవి: గాజుగుడ్డ, కట్టుగుడ్డలు, కత్తెర, చేతితొడుగులు. నెత్తురు కారునప్పుడు గుడ్డను గాయముపై నుంచి అరచేతితో గట్టిగా అదిమి పట్టవలెను. అది తడిసినను తీయక, దానిపైననే మఱియొకటి యుంచవలెను. ఏలయన, తీసినచో గడ్డకట్టుచున్న నెత్తురు మరల పాఱును. కాలినచోట చల్లని నీటిని 20 నిమిషములు పోయవలెను. సిరా, పేస్టు మొదలగునవి పూయరాదు.

రెండవవి బండికి వలయునవి: స్టెప్నీ, జాకీ, పానాలు, త్రాడు, టార్చిలైటు, ఎఱ్ఱగా మెఱయు త్రికోణపు గుర్తు. చీకటిలో బండి నిలిచిపోయినచో ఆ గుర్తును 50 మీటర్లు వెనుకగా నిలుపవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు లారీ ఆ దూరమును 3 సెకనులలో దాటును. అంతకంటె దగ్గఱ నుంచినచో డ్రైవరు చూచియు బండిని ఆపలేడు. వేడెక్కిన రేడియేటరు మూతను వెంటనే తీయరాదు. లోపలి నీరు ఆవిరితో ముఖముపైకి చిమ్మును.

మూడవవి త్రాగునీరును, ఓఆర్ఎస్ పొట్లములును. పొట్లముపై వ్రాసినంత నీటిలోనే దానిని కలుపవలెను. మాత్రలను మాత్రము ఎండలో నిలిచిన కారులో విడువరాదు, వేడికి చెడును. ప్రయాణమునాడు ఇంటినుండి తీసికొనిపోవుట మేలు.

ఈ పెట్టె వైద్యునికి బదులు కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2005లో మొదలైన 108 బండి వచ్చువఱకు ప్రాణము నిలుపుటకే యిది. దారిలో పడియున్నవానిని తాకినచో తమకు చిక్కులు వచ్చునని కొందఱు భయపడి తొలగిపోవుదురు. సద్భావముతో సాయపడినవానిపై వ్యాజ్యము నడువకుండునట్లు 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించిరి. ఆ రక్షణకు మంచి సమరయుని పేరే పెట్టిరి. లూకా సువార్త 10వ అధ్యాయములోని ఆ సమరయునికి దయ యుండెను. దానితోపాటు చేత నూనెయు ద్రాక్షారసమును ఉండెను. దయకు సిద్ధపాటు తోడైనప్పుడే గాయము కట్టబడును.

విద్యార్థులారా, కారు లేనివారు మోటారు సైకిలుకు చిన్న సంచి యైనను కుట్టుడు. నెలకొకసారి దానిని విప్పి, ఖర్చైనదానిని నింపి, టార్చి వెలుగుచున్నదేమో చూడుడు.