ట్రాన్స్‌ఫార్మ్ అనే మాటకి అవతారం చుట్టమా?

దశావతారాల గురించి మాట్లాడేటప్పుడు మనలో చాలామంది “విష్ణుమూర్తి చేపగా ట్రాన్స్‌ఫార్మ్ అయ్యాడు” అనేస్తాం. వెంటనే పక్కనున్న ఫ్రెండ్ ఒకడు అడుగుతాడు: “మారిపోయేవాడైతే దేవుడు నిర్వికారుడు ఎలా అవుతాడ్రా?” ప్రశ్న కరెక్టే. చిక్కంతా ఆ వెర్బ్‌లోనే ఉంది.

ట్రాన్స్‌ఫార్మ్ 14వ శతాబ్దంలో లాటిన్ నుంచి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. “ట్రాన్స్” అంటే దాటి, అవతలికి. “ఫార్మా” అంటే ఆకారం. ఇప్పుడు అసలు మజా చూడండి. ఈ “ట్రాన్స్”దీ, సంస్కృతంలోని “తౄ” ధాతువుదీ ఒకే మూలం అంటారు భాషాశాస్త్రవేత్తలు. తౄ అంటే దాటడం. తరించడం, తరణం, తీర్థం అన్నీ దాని పిల్లలే. (తీర్థం అంటే ఏరు దాటే రేవు కూడా. గుళ్ళో చేతిలో పోసేదొక్కటే కాదు!) దీని ముందు “అవ”, అంటే కిందికి, అని చేరిస్తే అవతారం. దిగి రావడం.

లాటిన్, సంస్కృతం ఒకే కుటుంబంలోవని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పాక ఇలాంటి జంటలు చాలా బయటపడ్డాయి. కన్వర్ట్, పరివర్తన కూడా అలాంటివే, రెండింట్లోనూ ఉన్నది “తిరగడం”. అలాగని చెవికి ఒకేలా వినిపించిన ప్రతిదానికీ చుట్టరికం కలపకూడదు. రాముడు జటాయువుని “లే పక్షీ” అన్నాడు కాబట్టి ఊరు లేపాక్షి అయిందంటారు. ఆ కథ నాకు చాలా ఇష్టం, కానీ దాన్ని వ్యాకరణంగా చెప్పను.

సరే, చుట్టాలే. కానీ పని వేరు. ట్రాన్స్‌ఫార్మ్‌లో మారేది ఆకారం. అవతారం అన్న మాటలో ఆకారం ఊసే లేదు, దిగేవాడు ఉన్నాడంతే.

అచ్చమైన ట్రాన్స్‌ఫార్మ్ కావాలంటే హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్‌కి వెళ్ళండి. మల్బరీ ఆకు తిన్న పురుగు గూడు అల్లుకుని లోపల ప్యూపా అవుతుంది. వదిలేస్తే గూడు చీల్చుకుని రెక్కల పురుగై వస్తుంది. పాత పురుగు ఇక ఉండదు. ధర్మవరం మగ్గానికి తెగని దారం కావాలి కాబట్టి, మామూలుగా రెక్కలు రాకముందే గూళ్ళని వేడికి పెడతారు. పెళ్ళిపట్టు వెనక ఈ సంగతి కూడా ఉంది, తెలిసే కట్టుకుందాం.

ఇప్పుడు హిందూపురం నుంచి అరగంట దూరంలో లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండ కేంద్రంగా అధికారం చేసిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రస్వామి గుడి. నంది దగ్గర సెల్ఫీ అయ్యాక లోపలికెళ్ళి మండపం పైకప్పు చూడండి, మెడ నొప్పి పుట్టినా సరే. కిరాతార్జునీయం కథ అక్కడ రంగుల్లో ఉంది. శివుడు వేటగాడి రూపంలో వచ్చి, ఒక్క పంది కోసం అర్జునుడితో గొడవ పడతాడు.

ఆయన పురుగు రెక్కలపురుగైనట్టు వేటగాడు అయిపోయాడా? మన కోడింగ్ భాషలో చెప్పాలంటే, సీఎస్ఎస్‌లో ఒక బాక్సుకి ట్రాన్స్‌ఫార్మ్ పెడితే స్క్రీన్ మీద తిరిగినట్టు, జరిగినట్టు కనిపిస్తుంది. పేజీ లేఅవుట్‌లో మాత్రం దాని చోటు దానిదే. ఉపమానం పూర్తిగా అతకదు, కానీ దగ్గరగా ఉంది. గీత నాలుగో అధ్యాయం ఆరో శ్లోకంలో కృష్ణుడు చెప్పేదీ ఇదే: పుట్టుక లేనివాడినై ఉండే, నా మాయతో వస్తాను అని. అక్కడ వాడిన క్రియ “సంభవామి”. అందులోని “భూ” ధాతువు ఇంగ్లీషు “బీ”కి చుట్టం. ఉండడం అన్నమాట.

భారతంలో ఆ కొట్లాట ఎలా తేలుతుందో గుర్తుందా? ఓడిపోయిన అర్జునుడు మట్టితో శివుణ్ణి చేసి పూలమాల వేస్తాడు. తలెత్తి చూస్తే ఆ మాల వేటగాడి తల మీద ఉంటుంది.