ఫ్రిస్కోలో ఇల్లు కొనబోయే ఉద్యోగులకు

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో జనాభా 2000లో 33,714. 2020 జనాభా లెక్కల నాటికి అది రెండు లక్షలు దాటింది. మంచి బడులు, ప్లేనోలోని ఆఫీసులు, కార్యసిద్ధి హనుమాన్ గుడి అన్నీ దగ్గరే కావడంతో మనవాళ్లు చాలామంది అక్కడే స్థిరపడ్డారు. మీరూ అక్కడ ఇల్లు చూస్తుంటే, బిల్డర్ చెప్పే ధర ఒక్కటే చూడకండి. నెలనెలా చేతినుంచి పోయే మొత్తం ఎంతో ముందు తేల్చుకోండి.

టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గానీ ఇంటి పన్ను ఎక్కువ. ఫ్రిస్కోలో బడి, నగరం, కౌంటీ పన్నులన్నీ కలిపి ఏటా ఇంటి విలువలో సుమారు 1.7 శాతం. ఆరు లక్షల డాలర్ల ఇంటికి ఇది నెలకు దాదాపు 850 డాలర్లు. కాలనీలో మడ్, పిడ్ లాంటి అదనపు పన్నులుంటే ఇంకా పెరుగుతుంది. కాలనీ సంఘానికి (హెచ్ఓఏ) కట్టే రుసుము, ఇన్సూరెన్స్ వేరే.

కొత్త ఇళ్లతో మరో చిక్కుంది. జనవరి 1 నాటికి ఇల్లు లేకపోతే ఆ ఏడాది పన్ను స్థలం విలువ మీదే పడుతుంది. పన్ను కోసం లోన్ ఇచ్చినవారు నెలనెలా తీసుకునే ఎస్క్రో కూడా ఆ లెక్కనే ఉంటే, మరుసటి ఏడు పూర్తి పన్నుతో పాటు పాత తరుగు కూడా కలిసి నెల వాయిదా వందల డాలర్లు పెరగవచ్చు. అందుకే పూర్తి విలువ మీద పన్ను ఎంతవుతుందో సంతకానికి ముందే అడగండి. ఇంట్లో చేరగానే డ్రైవింగ్ లైసెన్స్‌లో చిరునామా మార్చుకుని హోంస్టెడ్ మినహాయింపుకు దరఖాస్తు చేయండి. దీనికి రుసుము లేదు. బడి పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు.

ఫ్రిస్కో చిరునామా ఉన్న ప్రతి ఇల్లూ ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్టు (ఐఎస్‌డీ) కిందికి రాదు. కొన్ని కాలనీలు ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ డిస్ట్రిక్టుల కిందికి వస్తాయి. రియల్టర్ మాటతో సరిపెట్టుకోకుండా ఇంటి చిరునామాతో డిస్ట్రిక్టులోనే కనుక్కోండి.

అక్కడి నేల మన నల్లరేగడి లాంటిది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. దాంతో పునాదులు కదులుతాయి. కొత్త ఇల్లయినా సరే, మీరు పెట్టుకున్న ఇన్‌స్పెక్టర్‌తో చూపించండి. వడగళ్లకు పైకప్పులు దెబ్బతినే ప్రాంతమిది. పాలసీలో డిడక్టిబుల్ శాతంగా ఉందేమో చూడండి. ఆరు లక్షల బీమాకు 2 శాతమంటే 12,000 డాలర్లు మీరే పెట్టుకోవాలి.

ఇక వీసా సంగతి. హెచ్-1బి మీద ఉన్నవారికి 2025 మే చివరి నుంచి ఎఫ్‌హెచ్‌ఏ లోన్ దొరకదు, కన్వెన్షనల్ లోన్‌కే వెళ్లాలి. ఉద్యోగం పోతే చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆ కొద్ది రోజుల్లో ఇల్లు మంచి ధరకు అమ్ముడుపోతుందన్న నమ్మకం లేదు. కాబట్టి ఉన్న డబ్బంతా డౌన్ పేమెంట్‌లో పోయకండి. పన్ను, ఇన్సూరెన్స్‌తో సహా ఆరు నెలల వాయిదాలు బ్యాంకులో విడిగా ఉంచండి.

కొనే ముందు ఫ్రిస్కోలోనే ఒక ఏడాది అద్దెకుండండి. డాలస్ రైళ్లు ఫ్రిస్కో దాకా రావు. పొద్దున డాలస్ నార్త్ టోల్‌వే మీద ఆఫీసుకు ఎంతసేపు పడుతుందో, టోల్ ఎంతవుతుందో అప్పుడే తెలుస్తుంది. ఇద్దరూ సంపాదిస్తున్న ఇంట్లో ఒకరి జీతం ఆగినా వాయిదా ఆగకూడదు. ఆ లెక్కకు సరిపోయే ఇల్లే కొనండి, అది కాస్త చిన్నదైనా సరే.