అమ్మలూ, ఆ కుర్చీలో కూర్చునే ముందు



ఏరియా ఆస్పత్రిలో ఎముకల డాక్టరుగా నీకు పోస్టింగ్ వచ్చిందని, వచ్చే వారం నుంచే వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం శిబిరంలో కూర్చోవాలని నువ్వు ఫోన్లో చెప్పిన దగ్గర్నుంచి మీ అమ్మ కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోతోంది. నేను పైకి బింకంగానే ఉన్నాను గానీ, రిటైరయ్యేదాకా నేను కూర్చున్నదీ అలాంటి కుర్చీలోనే కదా, నీ సంగతే తలుచుకుంటూ నిద్ర పట్టక లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

చిన్నప్పుడు బడి వదలగానే తిన్నగా ఆస్పత్రికొచ్చి, నా ఓపీ అయ్యేదాకా వరండా బల్లమీద కూర్చుని కాపీ రాసుకునేదానివి, గుర్తుందో లేదో. ఓ వేసవి మధ్యాహ్నం, పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడ్డ ఒకావిడ చేతులకి హవాయి చెప్పులు తొడుక్కుని నేలమీద పాకుతూ వచ్చి, డాక్టరుగారి గది కదా అని ఆ చెప్పులు గుమ్మం బయటే విప్పి లోపలికొచ్చింది. కాగితం మీద సంతకం పెట్టించుకుని ఆవిడ బయటికెళ్లేసరికి చెప్పులు ఎండలో లేవు. నువ్వు వాటిని తీసి, నీడపట్టున, ఆవిడ చెయ్యి చాస్తే అందేటట్టు, కుడిది కుడివైపు, ఎడమది ఎడమవైపు సర్దిపెట్టావు. అలా చెయ్యమని నీకెవరూ చెప్పలేదు. నువ్వు డాక్టరువైనందుకు నాకు గర్వంగా ఉంది, నిజమే, కానీ ఆ చెప్పులు సర్దిన పిల్ల డాక్టరైందని తలుచుకుంటేనే మనసు నిండుతుంది.

చట్టం నాకన్నా నీకే బాగా తెలుసు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, అందులో ఇరవై ఒక్క రకాల వైకల్యాలు, నలభై శాతం గీత, ఇవన్నీ నువ్వు చదువుకున్నవే. నేను చెప్పేది ఆ గీత దగ్గర నిలబడ్డ మనుషుల గురించి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆ గీత దాటినవాళ్లకి నెలనెలా ఒకటో తారీఖున 6,000 రూపాయలు, పూర్తిగా మంచాన పడ్డవాళ్లకి 15,000 పింఛనుగా చేతికందుతాయి. నువ్వు గోనియోమీటరు పెట్టి మోకాలు ఎంత వంగిందో కొలుస్తావు చూడు, ఆ డిగ్రీల మీదే వాళ్లింట్లో బియ్యమూ మందులూ ఆధారపడి ఉంటాయి.

2025 జనవరిలో మొదలైన పింఛన్ల తనిఖీ చూశావుగా. దొంగ సర్టిఫికెట్లు లేవని నేననను, ఉన్నాయి, వాటిని పట్టుకోవాల్సిందే, ఎవరు సిఫార్సు చేసినా నువ్వు మెత్తబడకు. కానీ ఆగస్టులో నోటీసులొచ్చినప్పుడు, నిజంగా నడవలేనివాళ్లకి కూడా వచ్చాయని ఊరూరా గోల పుట్టి, చివరికి అప్పీలు చేసుకుని మళ్లీ చూపించుకోమని ప్రభుత్వమే చెప్పాల్సొచ్చింది. అరవై దాటినవాళ్లు ఆటోకి డబ్బు పెట్టుకుని, మనవణ్ణి తోడు తెచ్చుకుని, తమ కాలు ఇంకా చచ్చుబడే ఉందని చూపించుకోవడానికి రావడం ఎంత కష్టమో ఆలోచించు.

మీ అన్నయ్య మొన్న డల్లాస్ నుంచి మాట్లాడుతూ అక్కడి పద్ధతి చెప్పాడు. పనిచేస్తూ జబ్బుపడ్డవాళ్లకి సోషల్ సెక్యూరిటీవాళ్లు డబ్బిస్తారు కదా, నయమవుతుందనుకున్నవాళ్లని ఆరు నుంచి పద్దెనిమిది నెలల్లోపు, కావచ్చు అనుకున్నవాళ్లని సుమారు మూడేళ్లకోసారి, ఇక కాదనుకున్నవాళ్లని ఐదు నుంచి ఏడేళ్లకోసారి చూస్తారట. ఆ లెక్క వేసేటప్పుడు వయసు కూడా చూస్తారట. 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్లకైతే అరవై ఏడు నిండగానే ఆ డబ్బే రిటైర్మెంటు పింఛనుగా మారిపోతుంది, మొత్తం తగ్గదు, ఆపైన వైకల్యం ఉందా పోయిందా అని ఎవరూ అడగరు. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు గానీ, వయసు మళ్లినకొద్దీ అడగడం తగ్గాలన్న ఆ ఇంగితం నాకు నచ్చింది.

మన దగ్గర ఆ ఇంగితం చాలావరకు నీ కలంలోనే ఉంది తల్లీ. మారే అవకాశముంటే గడువు రాసి ఇవ్వమని, లేకపోతే శాశ్వత సర్టిఫికెట్టే ఇవ్వమని నిబంధన ఉండనే ఉంది. పాదం వంకరతో పుట్టి కట్లు కట్టించుకుంటున్న పసివాడికీ, ఈమధ్యే పక్షవాతం వచ్చి ఇప్పుడిప్పుడే చెయ్యి కదుపుతున్నవాడికీ గడువు రాయి, ఎప్పుడు రావాలో నీ నోటితో చెప్పు. పోలియో కాలు మాత్రం అరవయ్యో ఏట తిరిగి లేవదు. ఇన్నేళ్లూ ఒంటి బరువు మోసిన భుజాలు కూడా అరిగిపోయి ఉంటాయి, అవీ చూసి రాయి. అలాంటివాళ్లకి శాశ్వతమని రాయడానికి నీ చెయ్యి వెనకాడకూడదు.

శిబిరం రోజున జనం విరగబడతారు, నీకు విసుగొస్తుంది, ఆకలేస్తుంది. అయినా పెద్దవాళ్లనీ పాకి వచ్చేవాళ్లనీ ముందు పిలిపించు. కాలు ముట్టుకునే ముందు పేరు పెట్టి పలకరించు. నలభై రానివాళ్లకి ఆ మాట కాగితం చూసి తెలియనివ్వకు, ఎందుకు తగ్గిందో, అప్పీలు ఎక్కడ పెట్టుకోవాలో ఎదురుగా చెప్పి పంపు. ఎవరైనా కోప్పడితే పడు, అది నీమీద కోపం కాదు.

వేళకింత తిను. ఆదివారం ఫోన్ చెయ్యి, మీ అమ్మ ఎదురుచూస్తుంది. తప్పుడు సర్టిఫికెట్టు మీద ఎన్నడూ సంతకం పెట్టకు, నిజంగా నడవలేని ముసలివాళ్లని మాత్రం మళ్లీ మళ్లీ ఆ మెట్లెక్కించకు.

ఇట్లు,
నాన్న