కొయ్యలో పొక్లెయిన్ – కొలతే ప్రాణం

ఏలేరు కాలువల్లో పూడిక తీసే యంత్రం ఏ కంపెనీదైనా సరే, మా పిఠాపురంలో దాన్ని "పొక్లెయిన్" అనే అంటాం. నిజానికది ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. దాని కొయ్య నమూనా చేస్తూ నేను నేర్చుకున్న పాఠాన్ని ఇక్కడ మనవి చేస్తున్నాను.

ముందుగా స్కేలు. 1:20 అనుకుందాం. పొడవు 20వ వంతు, వైశాల్యం 400వ వంతు, ఘనపరిమాణం 8000వ వంతు అవుతాయి. అంటే 800 లీటర్ల మట్టి పట్టే బకెట్టుకు మన నమూనాలో పట్టేది 100 మిల్లీలీటర్లు, చిన్న టీగ్లాసెడు మాత్రమే!

ఇక కర్ర సంగతి. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి తేలిక, చెక్కడానికి మెత్తన. కాని పిన్నులు తిరిగే రంధ్రాలు తొందరగా వదులైపోతాయి. అందుచేత బూమ్‌కు టేకు, రోలర్లకూ సిలిండర్లకూ ఏటికొప్పాక వారు లేతు మీద తిప్పే అంకుడుకర్ర వాడాను.

అసలు కిటుకంతా కీళ్లలో ఉంది. పై ఆకారం గీయకముందే పిన్నుల స్థానాలు గుర్తించుకోవాలి. ఇక్కడ ఒక మిల్లీమీటరు తేడా వస్తే అసలు యంత్రంలో అది రెండు సెంటీమీటర్లు. బకెట్టు పూర్తిగా ముడుచుకోకపోవచ్చు.

ఇంజనీరింగ్ డ్రాయింగులో మంచి మార్కులు తెచ్చుకున్న మనలో, గీసినదాన్ని చేసి చూపగలవారెందరు? సెలవుల్లో ఒక వడ్రంగి మేస్త్రి దగ్గర కూర్చుని ఉలి పట్టి చూడండి. కాగితం ఒప్పుకున్న తప్పును కర్ర ఒప్పుకోదు.