పన్ను తీయించుకొనుట - భయము, వాస్తవము

పెద్దలకు ఉండవలసిన దంతాలు 32. వీటిలో చివరగా వచ్చే నాలుగు జ్ఞానదంతాలు సాధారణంగా 17 నుండి 25 ఏళ్ళ మధ్య, అనగా కళాశాలలో చదువుకొనే వయస్సులోనే పుడతాయి. దవడలో చోటు చాలనప్పుడు అవి అడ్డంగా పెరిగి చిగురు వాచి, నోరు తెరవడం కూడా కష్టమవుతుంది. కనుక పన్ను తీయించుకోవడం వృద్ధులకు మాత్రమే సంబంధించిన విషయమని విద్యార్థులు భావించరాదు.

మన పల్లెలలో ఒక నమ్మకం ప్రబలంగా ఉంది. పై దవడ పన్ను తీయిస్తే కంటిచూపు తగ్గుతుందని చాలామంది చికిత్సకు వెనుకాడుతారు. ఇది నిరాధారం. మెదడు నుండి వెలువడే పన్నెండు జతల నాడులలో చూపునకు సంబంధించినది రెండవది. దంతాలకు స్పర్శను, నొప్పిని తెలిపేది అయిదవది. రెండింటి మార్గాలు వేరు. పన్ను తీయించడం వల్ల చూపు పోదు. కాని చీము పట్టిన పంటిని నిర్లక్ష్యం చేస్తే ఆ చీము ముఖానికి, మెడకు వ్యాపించి ప్రాణాపాయం కలగవచ్చును.

నొప్పి తెలియకుండా చికిత్స చేయాలన్న అన్వేషణలో దంతవైద్యులదే ప్రముఖ స్థానం. 1846లో అమెరికాలో ఈథర్ మత్తును బహిరంగంగా ప్రదర్శించిన మోర్టన్ దంతవైద్యుడే. ఈ చరిత్రలో మన హైదరాబాదుకూ చోటు ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ధనసహాయంతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు పరిశోధనలు జరిపాయి. క్లోరోఫామ్ గుండెకు నేరుగా హాని చేయదన్న వారి నిర్ణయాన్ని తరువాతి శాస్త్రజ్ఞులు తప్పని నిరూపించారు. నేడు పన్ను తీయడానికి సాధారణంగా మనిషిని నిద్రపుచ్చే అవసరమే లేదు. 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్ రూపొందించిన లిగ్నోకైన్ అనే మందు ఆ ఒక్క భాగాన్నే మొద్దుబారుస్తుంది.

చికిత్సకు ముందు వైద్యునికి దాచకుండా చెప్పవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. మధుమేహం, గుండెజబ్బు, రక్తపోటు, ఉబ్బసం, గర్భం, గతంలో ఏదైనా మందు పడకపోవడం, గాయమైతే రక్తం త్వరగా ఆగకపోవడం - ఇవన్నీ తెలుపవలెను. రక్తం పలుచబడే మందులు వాడేవారు వాటిని తమంతట తాము మానరాదు. చిగురుకు సూదిమందు ఇచ్చి పన్ను తీసే పక్షంలో ఖాళీ కడుపుతో వెళ్ళనవసరం లేదు. తేలికగా భుజించి వెళ్ళడం మంచిది. ఈ పంటిని తీయక నిలుపుకొనే మార్గం ఉన్నదా అని అడగడం రోగి హక్కు.

సూది గుచ్చినప్పుడు క్షణకాలం చురుక్కుమంటుంది. కొద్ది నిమిషాలలో పెదవి, చిగురు బరువెక్కినట్లు తోస్తాయి. పన్ను ఎముకకు సన్నని నారలతో అంటిపెట్టుకొని ఉంటుంది. వైద్యుడు దానిని మెల్లగా కదిలించి, గుంటను వెడల్పు చేసి, పట్టకారుతో వెలికి తీస్తాడు. అప్పుడు ఒత్తిడి తెలుస్తుంది, కరకరమనే చప్పుడూ వినిపించవచ్చును. కాని పదునైన నొప్పి ఉండరాదు. ఉంటే చేయి ఎత్తి తెలపాలి. మరికొంత మందు ఇస్తారు.

అసలు జాగ్రత్త తరువాతనే. పెట్టిన దూదిని సుమారు అరగంట గట్టిగా కరచి పట్టాలి. గుంటలో గడ్డకట్టే రక్తమే గాయానికి సహజమైన కట్టు. కనుక 24 గంటలు పుక్కిలించడం, ఉమ్మివేయడం, గొట్టంతో పీల్చి తాగడం కూడదు. బీడీ, సిగరెట్, గుట్కా, జర్దా వంటివి కనీసం కొన్ని దినాలు ముట్టరాదు. నోటి తిమ్మిరి కొన్ని గంటలుంటుంది. ఆ సమయంలో బుగ్గ కొరుక్కోకుండా, వేడి తగలకుండా చూచుకోవాలి. చల్లారిన గంజి, పెరుగన్నం శ్రేష్ఠం. మరునాటి నుండి గోరువెచ్చని ఉప్పునీటిని నోట నింపి మెల్లగా వదలాలి. వాపు రెండు మూడు దినాలు పెరిగి తగ్గడం సహజం. గుంటలో పొగాకు, లవంగ నూనె వంటివి పెట్టరాదు.

తగ్గుతున్న నొప్పి రెండు మూడు రోజుల తరువాత తీవ్రమై, దుర్వాసన వస్తే గడ్డ ఊడిపోయిందని గ్రహించి వైద్యుని చూడాలి. గట్టిగా ఒత్తి పట్టినా రక్తం ఆగకున్నా, జ్వరం వచ్చినా, మింగడం, శ్వాసించడం కష్టమైనా జాగు చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

పెబ్బేరు వంటి సంతల ఊళ్ళలో పేదవారికి సమయం, ధనం రెండూ కొరతే. అంతమాత్రాన రోడ్డు పక్కన అర్హత లేనివారి చేతికి నోరు అప్పగించరాదు. చట్టం ప్రకారం నమోదైనవారే ఈ వృత్తి చేయాలి. శుద్ధి చేయని పనిముట్ల వల్ల కామెర్ల వంటి వ్యాధులు సోకుతాయి. హైదరాబాదులో 1959లో నెలకొల్పిన ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది. పలు ప్రభుత్వ ఆసుపత్రులలోనూ దంతవైద్యులుంటారు. చదువుకున్న విద్యార్థి ఈ సంగతులను ఇంటిలోని నాయనమ్మకు, ఇరుగుపొరుగుకు తెలియజేస్తే ఆ చదువుకు సార్థకత కలుగుతుంది.