దేశవిపత్తునందు విద్యాలయధర్మము

విద్యార్థులారా! దేశమున కాపద వాటిల్లినపుడు పుస్తకము ముందు పెట్టుకొని కూర్చుండుట తగునా యను ప్రశ్న మీవంటి యువకుల మనస్సులలో తఱచుగా పుట్టును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చరిత్రమునుండి రెండు సంగతులు చూపి దీనికి ప్రత్యుత్తర మిచ్చెదను.

ఈ విశ్వవిద్యాలయము 1926 సంవత్సరమున బెజవాడలో స్థాపింపబడి, పిమ్మట వాల్తేరు చేరెను. శ్రీ కట్టమంచి రామలింగారెడ్డిగారు దానికి ప్రథమోపాధ్యక్షులు. ఉప్పు సత్యాగ్రహకాలమున దొరతనమువారు జాతీయోద్యమము నణచుటకై నిర్బంధము సాగింపగా, దానికి నిరసనగా వారు తమ పదవిని త్యజించిరి.

రెడ్డిగారు 1936లో మరల ఉపాధ్యక్షులైరి. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము మన తీరమునకే వచ్చెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానములు విశాఖపట్టణముమీదను కాకినాడమీదను బాంబులు వేసెను. జనులు మూటాముల్లె కట్టుకొని ఊరు విడిచిరి. విశ్వవిద్యాలయము గుంటూరునకు తరలెను. నరసరావుపేట, గురజాల, మాచర్ల అప్పుడు గుంటూరు జిల్లాలోనివే. అనగా పరిషత్తు మన జిల్లాకే అతిథియై వచ్చినది! ఆ యేడే ఆగస్టు 12వ తేదీన, ఈ జిల్లాలోనే తెనాలియందు, పోలీసుకాల్పులలో ఏడుగురు మరణించిరి. అట్టి దినములలో ఏ విద్యార్థికైనను పాఠముపై మనస్సు నిలుపుట సులభము కాదు. అయినను విద్య ఆగలేదు. యుద్ధము ముగిసినపిదప, 1946లో, పరిషత్తు తిరిగి వాల్తేరు చేరెను.

ఒకే పెద్దమనుష్యుడు ఒకమాఱు పీఠము విడిచెను. మఱియొకమాఱు విడువక నిలిచెను. ఇందు విరోధమున్నదా? లేదని నా యభిప్రాయము. మొదటి ఆపద పాలకుల అన్యాయమువలన కలిగినది. అచ్చట ఊరకుండుట దానికి సమ్మతించుటయే యగును. రెండవ దానియందు భయముచే జనులు చెదరిపోవుచుండిరి. అచ్చట చెదరినవారిని ఒకచోట చేర్చి చదువు సాగించుటయే సేవ. కాబట్టి ఆపద వచ్చినపుడు, అది యెట్టిదో ముందుగా విచారింపవలయును; ఆవేశము ఆ విచారణకు బదులు కాజాలదు.

కట్టడములను వెంట గొనిపోవుట సాధ్యము కాదు. గురువును శిష్యుడును కూడినచోటనే విద్యాలయము గలదు. అయితే వారు కూడుటకు ఎవరో ఒకరు చోటియ్యవలయును. నాడు గుంటూరు ఇచ్చెను. వఱదచేతనో తుపానుచేతనో ఇల్లు కోల్పోయిన బాలుడొకడు రేపు మన తరగతివాకిట నిలిచినయెడల, మీ బల్లపై కొంచెము జరిగి వానికి చోటిండు. మీ పుస్తకమును వానివైపునకు త్రిప్పుడు. నేటి పాఠమును పరీక్షించుట ఆనాడే జరుగును.